చెప్పి రాసే చదువు

తెలుగులో పరిశోధన చేసే విద్యార్థికి రాయడం ఒక పని, టైపు చేయించడం అంతకు మించిన పని. సిద్ధాంత వ్యాసం చేత్తో రాసి, విశ్వవిద్యాలయం గేటు బయట డీటీపీ సెంటర్లో ఇచ్చి, ప్రూఫులు దిద్ది, దిద్దినవాటిలో కొత్తగా దొర్లిన తప్పులు మళ్లీ దిద్దించుకునే అవస్థ ఇంకా పోలేదు. అను ఫాంట్లలో కొట్టించిన పేజీలను యూనికోడ్‌లోకి మార్చుకోవడం దాని మీద మరో భారం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తించగల విద్యార్థులు కొద్దిమందే.

2017లో గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు వచ్చింది. ఫోను ముందు పెట్టుకుని చెబుతూ పోతే అక్షరాలు పడుతూ పోతాయి. దీన్ని మేము మనసారా స్వాగతిస్తున్నాం. చెప్పి రాయించింది రాతే కాదనే పెద్దలు మన అవధానులను తలుచుకోవాలి. వాళ్లు నోటితోనే పద్యం కట్టారు, కాగితం మీద పెట్టింది పక్కనున్నవాళ్లు. చూపులేని విద్యార్థికైతే ఈ సాధనం వేగం కోసం కాదు, స్వేచ్ఛ కోసం. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు పరీక్షలో లేఖకుణ్ణి, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని ఇచ్చాయి. కానీ ఇంటి దగ్గర నోట్సు రాసుకోవడానికి రోజూ లేఖకుడు ఎక్కడ దొరుకుతాడు?

అయితే ఈ యంత్రం వినేది ఒక్క ధ్వనినే కాదు. తనకు నేర్పిన పాఠాల్లో ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వచ్చిందో చూసి ఊహిస్తుంది. అందుకే ‘భాష’ను ఒత్తి పలకని పిల్లవాడికి కూడా ఒత్తు పెట్టి ఇస్తుంది. అది మేలే. ఆ ఊహే సిరిసిల్ల అమ్మాయి ‘వస్తున్నడు’ అంటే ‘వస్తున్నాడు’ అని దిద్దేస్తుంది. అడగకుండా, చెప్పకుండా. మాండలికంలో కథ రాసే విద్యార్థి, పల్లె కథనాలు సేకరించే పరిశోధకుడు చూసుకోకపోతే చేతికందేది పత్రికల తెలుగే. జనం మాట్లాడే తెలుగు బడిలోకి, పుస్తకంలోకి రావాలని గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడారు. ఆ తెలుగును యంత్రం మళ్లీ గడప బయట నిలబెడితే మనం ఊరుకోకూడదు.

విద్యార్థులకు ఒక మాట. తొలి చిత్తు నోటితో చెప్పండి. ఆలోచన వెచ్చగా ఉండగానే కాగితం మీదకు వస్తుంది. చాలా సాధనాల్లో తెలుగు వాక్యానికి చుక్కా కామా వాటంతట అవి పడవు కాబట్టి వాక్యం ఎక్కడ ఆగాలో మీరే తేల్చుకోవాలి. నోట చెప్పేటప్పుడు ఒకే సంగతి మూడుసార్లు వస్తుంది, రెండు కొట్టేయాలి. గంట చెప్పినదానికి రెండు గంటలు దిద్దడానికి సిద్ధపడండి. పద్యాలు, ఉల్లేఖనలు మాత్రం పుస్తకం చూసి చేత్తోనే ఎక్కించండి.

తెలుగు శాఖల అధ్యాపకులకు మరో మాట. ఐఐటీ మద్రాసులోని ఏఐ ఫర్ భారత్, హైదరాబాదు ట్రిపుల్‌ఐటీ వంటివి భారతీయ భాషల గొంతులు సేకరిస్తున్నాయి. ఆ పని ఇంజనీర్లకే వదిలేయకండి. ఏటా ఆగస్టు 29న జరిపే భాషా దినోత్సవ సభలతో పాటు, ప్రతి శాఖా తన జిల్లా విద్యార్థుల మాటను వాళ్ల అనుమతితో రికార్డు చేసి, పలికింది పలికినట్టే రాసి, అందరికీ అందుబాటులో ఉంచాలని కోరుతున్నాం.