ప్లగ్గు సరిపోయింది గదా అని

మా పక్కవాటాలో వుంటున్న మాస్టారుగారి అబ్బాయికి పన్నెండో యేడు. వాడి దగ్గర మూరెడు పొడుగున వొక రిమోటు కారు వుంది. మీట నొక్కితే వీధి చివరిదాకా దూసుకుపోయి, కుక్కల్ని హడలగొట్టి, గిర్రున తిరిగివస్తుంది. పోయిన వేసవి సెలవుల్లో వాడి మేనమామ వచ్చి, పాత బాటరీ ముసలిదైపోయిందని, లిథియం బాటరీ వొకటి కొనిచ్చి వెళ్లాడు. కొత్తది కారులో చక్కగా పట్టింది. ప్లగ్గు కూడా అదే రకం. పిల్లవాడు దాన్ని పాత ఛార్జరుకే తగిలించి, మంచం పక్కన పెట్టుకుని నిద్రపోయాడు.

రాత్రి పదకొండున్నరకు మంచినీళ్లకని లేచిన వాళ్లమ్మగారు కేకవేశారు. "ఏవండీ! ఇదేమిటండీ, పూరీలా పొంగిందీ!"

మాస్టారుగారు స్విచ్చి కట్టేసి, వైరు వూడదీసి, దాన్ని చీపురుకట్టతో మట్టి మూకుట్లోకి తోసి, పెరట్లో బండమీద పెట్టి వచ్చారు. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. తెల్లవారాక నన్ను పిలిచి చూపించారు. పూరీ పొంగితే ఇల్లాలికి సంతోషమే. బాటరీ పొంగితే లోపల వాయువు పుట్టిందన్నమాట.

"ప్లగ్గు సరిపోయింది గదండీ?" అన్నారాయన. ఆ మాటమీదనే యీ వారం యిది రాస్తున్నాను.

పాత బాటరీలో వున్నవి ఆరు నికెల్ సెల్లులు. వొక్కొక్కటి 1.2 వోల్టులు, వెరసి 7.2. కొత్తదానిలో రెండే లిథియం సెల్లులు, వొక్కొక్కటి 3.7, వెరసి 7.4. పైచీటీ చూస్తే అన్నదమ్ముల్లాగే వుంటాయి. స్వభావాలు వేరు. నికెల్ సెల్లు నిండినప్పుడు దాని వోల్టేజి రవ్వంత తగ్గుతుంది. కాస్త తెలివైన నికెల్ ఛార్జరు ఆ తగ్గుదల కోసమే కనిపెట్టుకుని వుంటుంది. చవక ఛార్జరుకు ఆ మాత్రం కనిపెట్టడం కూడా చేతకాదు. లిథియం సెల్లేమో 4.2 వోల్టుల దగ్గర ఆగితీరాలి, నిండినా దాని వోల్టేజి తగ్గదు. కనుక ఛార్జరు ఇంకా పోస్తూనే వుంటుంది.

మన ఇన్వర్టరు బాటరీలో సాధారణంగా వుండేది ఆమ్లమూ నీళ్లూ. లిథియం బాటరీలో వుండేది సులువుగా అంటుకునే ద్రావకం. వేడి వొక హద్దు దాటిందా, ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. అప్పుడు మెయిన్ కట్టేసినా ఆగదు.

"మరి ఫోనులో వున్నదీ లిథియమే గదా?" అంటారు. నిజమే. 1991లో సోనీవారు బజారులోకి తెచ్చిన జాతే యిది. దానికి పునాది వేసిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కాని ఫోనులో వొక కాపలాదారు వున్నాడు. ఎక్కువ నిండకుండా, మరీ అడుగంటకుండా చూసే చిన్న సర్క్యూటు అది. రిమోటు కార్లకు విడిగా అమ్మే లిపో బాటరీల్లో చాలావాటికి అది వుండదు. ఛార్జరే కాపలా, ఆ తరవాత మీరే కాపలా.

అందుచేత నన్నడిగితే డబ్బు ముందు ఛార్జరుమీద పెట్టమంటాను. బాలెన్సు ఛార్జరని అడగండి. బాటరీకి లావుపాటి వైర్లు కాక, సన్నని వైర్లతో తెల్లని చిన్న ప్లగ్గు వొకటి వుంటుంది. అదీ ఛార్జరుకు తగిలిస్తే ప్రతి సెల్లునూ విడివిడిగా కొలిచి, రెంటినీ సమంగా నింపుతుంది. మీటల్లో లిపో అన్న రకాన్నీ, సెల్లుల సంఖ్యనూ సరిగా పెట్టాలి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల బాటరీకి 5 ఆంపియర్లు మించనీయకండి.

ఇక బాటరీ. కారులో అది కూర్చునే గూడు కొలుచుకుని వెళ్లండి. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో వున్నదే తీసుకోండి. కారు గోడకు గుద్దుకోవడం దాని జన్మహక్కు. దుకాణాల్లో 50సి, 100సి అని గొప్పలు చెప్తారు. 5000 బాటరీకి 50సి అంటే లెక్కప్రకారం 250 ఆంపియర్లు. పిల్లల కారు మోటారు అంత యెన్నడూ అడగదు, ఆ అంకెల్లో అతిశయోక్తి పాలూ తక్కువ కాదు. మూడు సెల్లుల 11.1 వోల్టుల జోలికి కారు పుస్తకంలో వొప్పుకుంటే తప్ప పోవద్దు. అసలు పదేళ్లలోపు పిల్లలకయితే నికెల్ బాటరీయే చాలు. వేగం కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

పాత కార్లతో ఇంకొక చిక్కు వుంది. సెల్లు 3 వోల్టులకు దిగకముందే కారు ఆగిపోవాలి. నికెల్ కాలపు స్పీడ్ కంట్రోలర్లు చాలా వాటికి ఆ సంగతి తెలియదు; అడుగంటేదాకా పీల్చేస్తాయి. అలా యెండిపోయినదాన్ని మళ్లీ ఛార్జి చెయ్యడం ప్రమాదం. తెల్ల ప్లగ్గుకు తగిలించే బుల్లి అలారం అమ్ముతారు. అది కూయగానే ఆట ఆపించండి.

ఛార్జింగు గచ్చుమీదనో బండమీదనో చెయ్యాలి. పరుపు, తెర, గ్యాస్ బండ దగ్గర కూడదు. పరుగెత్తి వచ్చిన బాటరీ చల్లారాలి. పక్కన బక్కెట్టులో పొడి ఇసుక వుంచండి. పెద్దవాళ్లెవరైనా మెలకువగా దగ్గర వుండాలి. పేపరు చదువుకోండి, చిక్కుళ్లు వొలుచుకోండి, మీ యిష్టం. పొగ కనిపిస్తే మాత్రం సాహసాలు వద్దు. ఇంట్లోవాళ్లను బయటికి పంపి 101కి ఫోను చెయ్యండి. వారంరోజులు ఆట లేదనుకుంటే నిండుగా వుంచకుండా సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర వుంచి దాచాలి. మంచి ఛార్జర్లలో దానికి వేరే మీట వుంటుంది. ఎండలో నిలిపిన కారులో వదలకండి.

పొంగినదాన్ని పొడవకండి, నొక్కకండి, మళ్లీ వాడకండి. చెత్తబుట్టలో వేసినా తప్పే. 2022 నిబంధనల ప్రకారం బాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. మాస్టారుగారు అలాగే అప్పగించి, బావమరిదికి ఫోను చేసి జరిగింది చెప్పారు.

"అదేమిటి బావగారూ! ప్లగ్గు సరిపోయింది గదా?" అన్నాడట ఆయన.