బిల్లగన్నేరును గూర్చి

వృక్షశాస్త్రపాఠమున మనము పుష్పముయొక్క రేకులను లెక్కింతుము, కేసరములను లెక్కింతుము, కుటుంబనామమును కంఠస్థము చేయుదుము. ఆ మొక్క తనలో నేమి వండుకొనుచున్నదో మాత్రము అడుగము. ఇది గొప్పలోపమని మా యభిప్రాయము. మన కంచెప్రక్కనే పూయు బిల్లగన్నేరును చూడుడు.

దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. ఆకు మిక్కిలి చేదు. జమైకాలో దీని కషాయమును మధుమేహమునకు ద్రావెడివారు. 1952వ సంవత్సరమున అచ్చటి యాకులు కొన్ని కెనడాదేశములోని రాబర్టు నోబులను వైద్యశాస్త్రజ్ఞునకు జేరెను. ఎలుకలకిచ్చి చూడగా రక్తములోని చక్కెర తగ్గలేదు, తెల్లకణములు తగ్గెను. మఱియొకరైనచో ఆ యాకులను పాఱవైచియుందురు. నోబులును, సహచరుడగు చార్లెసు బీరును, తెల్లకణములు మితిమీఱు రోగములకు ఇది పనికివచ్చునేమో యని విడువక శోధించి, 1958లో విన్‌బ్లాస్టిన్‌ను బ్రకటించిరి. దాని తోబుట్టువగు విన్‌క్రిస్టిన్ నేటికిని పిల్లల రక్తపు కాన్సరునకు ముఖ్యౌషధము.

అయితే గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల యెండుటాకులు కావలెను; గ్రాము విన్‌క్రిస్టిన్‌కు 2,000 కిలోలు! ఏలయన, ఈ మందు రెండు పదార్థముల కలయికవలన బుట్టును. అందు కాథరాంథిన్ ఆకుపైనున్న మైనపు పొరలోను, విండోలిన్ ఆకులోపలను నుండును. ఒకే యింట వేఱు పొయ్యిలు పెట్టుకొనిన యన్నదమ్ములవలె అవి కలిసికొనుట యరుదు. 2022లో శాస్త్రజ్ఞులు ఈ రెంటిని, రొట్టెను పొంగించు ఈస్టుచేతనే చేయించి, పిమ్మట ప్రయోగశాలలో కలిపి విన్‌బ్లాస్టిన్ గావించిరి.

ఇక మొక్కతో బనియేమి యని కొందఱందురు. మేమంగీకరింపము. ఈస్టునకు ఆ విద్య స్వతస్సిద్ధముగా రాలేదు. 34 జన్యువులను, ముఖ్యముగా మొక్కలనుండి, దానియందు జేర్చవలసివచ్చెను. ఎవరును పరీక్షింపకమునుపే ఒక మొక్క నశించినయెడల, అది యెఱిగిన వంట ఏ ఈస్టుకు నేర్పగలము?

మట్టియు నిట్టిదే. 1948లో వెలువడిన ఆరియోమైసిను, అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలముమట్టిలో దొరకిన సూక్ష్మజీవి చేసిన మందు. దానిని గనుగొన్న డగ్గరుగారు పనిచేసిన లెడర్లే పరిశోధనశాలకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

కావున పాఠశాలతోటలోని ప్రతి మొక్కకడ కట్టు పలకపై, పేరుక్రింద అది చేయు పదార్థమును గూడ వ్రాయింపవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము. వ్రాయు భారము మేమే వహింతుము. బిల్లగన్నేరు పలకపై మాత్రము ఇంకొక పంక్తి యుండవలెను: ఆకు నమలరాదు, విషము.