గుల్‌మొహర్ మొదట్లో సిమెంటు పోయకండి

మసీదు సహన్‌లో గానీ, ఈద్‌గాహ్‌లో గానీ, ఖబరస్తాన్ గోడ పక్కన గానీ ఏం చెట్టు పెడదామంటే మనవాళ్ల నోట ముందు వచ్చే పేరు గుల్‌మొహర్. మే నెలలో అది పూస్తే ఆ షానే వేరు. పేరు కూడా మన ఇంటి పేరులాగే వినిపిస్తుంది. తెలుగులో తురాయి చెట్టంటారు. తురాయి అంటే పగిడీ మీద నిలబెట్టే కుచ్చు. అదీ మన తుర్రా నుంచి వచ్చిన మాటే. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వెళ్లిన నాకు ఈ సంగతి తెలిసిన రోజు భలే ఖుషీ అయింది. చెట్టు వతన్ మాత్రం ఇక్కడ కాదు, మడగాస్కర్ దీవి.

మా దగ్గరి ఒక మసీదులో ఇలాంటి పెద్ద గుల్‌మొహర్ ఉంది. ఫర్ష్‌కు టైల్స్ వేయిస్తూ కమిటీవాళ్లు దాని మొదలు దాకా కాంక్రీటు పోయించారు. జానెడు మట్టి కూడా వదల్లేదు. అడిగితే, "నమాజీల కాళ్లకు మట్టి అంటుతోంది భాయ్, పూలు రాలి చెత్త అవుతోంది" అని జవాబు. సఫాయీ ఈమాన్‌లో భాగమే, కాదనను. కానీ గుల్‌మొహర్ వేళ్లు లోతుకు దిగేవి కావు. నేల పైపొరలోనే దూరదూరంగా పాకుతాయి. వాటికి గాలీ, నీళ్లూ ఆ పైపొర నుంచే అందాలి. దాన్ని మూసేస్తే కొన్ని వేళ్లు టైల్స్‌ను ఎత్తేస్తాయి, కొన్ని చచ్చిపోతాయి. అసలే దాని కలప పెళుసు. తొలకరి ముందు గాలిదుమారం ఒక్కటి చాలు. దాని కింద జుమా నాడు సఫ్‌లు కట్టేది మన పిల్లలూ బుజుర్గులే. కూలాక "మన్‌హూస్ చెట్టు" అని తిట్టేదీ మనమే. కనీసం మొదలు చుట్టూ నాలుగైదు అడుగుల కాంక్రీటు పగలగొట్టించండి సాబ్. అదీ వేళ్ల మీద గడ్డపార పడకుండా, మెల్లగా.

ఒక మాట సాఫ్‌గా చెప్తాను. ఏడాదంతా నీడే కావాలంటే వేపో కానుగో పెట్టుకోండి. గుల్‌మొహర్ ఎండలు ముదిరే ముందే ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. గొడుగులా పరుచుకునేది పూలతో పాటు కొత్త ఆకు వచ్చాకే. 2018, 2019లో రంజాన్ మే నెలలో వచ్చింది, గుర్తుందా? రోజాతో జొహర్‌కు వచ్చినవాళ్లు ఆ ఎర్రటి చెట్ల కిందే చెప్పులు విడిచేవాళ్లు.

గల్లీలో మాత్రం వద్దు. కొమ్మలు చెట్టు ఎత్తు కంటే వెడల్పుగా పోతాయి. గోడకు పాతిక ముప్ఫై అడుగుల దూరం ఉండాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు. లేకపోతే కరెంటువాళ్లు ఒక పక్కే నరికేస్తారు, బరువంతా రెండో పక్కకు పోతుంది.

మొక్క కొనాల్సిన పని కూడా లేదు. పిల్లలు తల్వార్లు చేసి ఆడుకునే ఆ నల్లటి కాయల్లోనే విత్తనాలుంటాయి. పెంకు గట్టిది కాబట్టి మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవి విత్తండి. వానాకాలంలో, పూర్తిగా ఎండ తగిలే చోట, నీళ్లు నిలవని నేలలో నాటండి. చిన్నప్పుడే ఒక్క కాండం ఉంచి, తలకు తగిలే పక్క కొమ్మలు ఆకు లేని రోజుల్లో తీసేయండి. పెద్దయ్యాక లావు కొమ్మలు నరికితే ఆ గాయం కుళ్లి లోపలికి దిగుతుంది. పూలకు నాలుగైదేళ్లు సబర్ పట్టాలి, ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

చెట్టు నాటడం సదఖా అని జుమా బయాన్లలో వింటూనే ఉంటాం. నాటిన రోజు ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. మూడో వారానికి మొక్కకు నీళ్లు పోసే మనిషి ఉండడు. ఐదు పూటలా వజూ నీళ్లు మోరీలోకి పోతూనే ఉంటాయి. నళ్ల కింద నుంచి ఒక పైపు తీసి, మొక్క పాదు దాకా వేయించడానికి ప్లంబర్‌కు ఒక్క పూట పని. వేళ్లూనే దాకా, మొదటి రెండు మూడు ఎండాకాలాలు ఆ నీళ్లు పారిస్తే చాలు. ఆ తర్వాత పైపును పక్కనున్న జామ మొక్కకు తిప్పేయండి, ఎందుకంటే పెద్ద గుల్‌మొహర్‌కు రోజూ నీళ్లు పారితే వేళ్లు కుళ్లుతాయి.