పాల ధర ఎవడబ్బ సొమ్ము?

సూపర్ మార్కెట్ అర మీద అంటించిన ధర చదవడం నేరమా? కాదు. చదివి చీటీ మీద రాసుకోవడం? అదీ కాదు. ఇంటికొచ్చి పక్కింటావిడకి "ఫలానా చోట పాలు అరడాలరు తక్కువండీ" అని చెప్పడం? అసలే కాదు. మన అమ్మలూ అమ్మమ్మలూ ఎప్పట్నించో చేస్తున్న పనే అది. మరి ఆ దుకాణమే తన వెబ్‌సైట్‌లో ఊరందరికీ కనబడేలా పెట్టిన ధరని ఒక ప్రోగ్రాం చదివి, నాలుగు దుకాణాల ధరలు పక్కపక్కన చూపిస్తే అది దొంగతనం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న ఊరికే వేయడం లేదు. మేముండే ఊళ్ళో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు సెలవు రోజుల్లో కూర్చుని సరిగ్గా ఇలాంటి యాప్ ఒకటి రాశారు. దాని మీద పైసా ఆదాయం లేదు. వాడినవాళ్ళు చాలామంది విద్యార్థులే. నాలుగు నెలలు తిరక్కుండానే ఒక దుకాణాల సంస్థ లాయర్ల నుంచి ఉత్తరం వచ్చింది: ఆపకపోతే దావా వేస్తామని. గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాడికి దావా అన్న మాట చాలు. మర్నాటికి యాప్ మూతపడింది. దానికంటే నన్ను బాధించిందేమిటంటే, ఈ సంగతి నలుగురిలో చెప్పినప్పుడు మనవాళ్ళలో సగం మంది "చట్టవిరుద్ధం కదండీ" అని తేల్చేశారు. లాయరు ఉత్తరం చట్టం కాదు. చట్టం ఏం చెబుతోందో చూద్దాం.

మొదట కాపీరైటు. 1991లో ఫైస్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, వాస్తవాలకు కాపీరైటు లేదని. ఆ కేసు కాన్సస్‌లో ఒక టెలిఫోన్ డైరెక్టరీ గురించి. పేర్లూ నంబర్లూ పోగుచెయ్యడానికి ఎంత చెమటోడ్చినా సరే, ఆ కష్టం వల్ల అవి సొంత ఆస్తి అయిపోవు అంది కోర్టు. గాలన్ పాలు ఇంత అన్నదీ వాస్తవమే. దుకాణం తీయించుకున్న ఫోటో, రాయించుకున్న వర్ణన వేరు. వాటిని ఎత్తుకుపోతే తప్పే. అంకె మాత్రం ఎవరిదీ కాదు.

రెండోది, 1986 నాటి కంప్యూటర్ మోసాల చట్టం. తాళం పగలగొట్టి లోపలికి చొరబడేవాడి కోసం చేసిన చట్టమది. తలుపే లేని చోట తాళం పగలగొట్టడం ఏమిటి? లింక్డిన్ మీద హైక్యూ అనే చిన్న కంపెనీ పోరాడిన కేసులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 2022 ఏప్రిల్లో దాదాపు ఈ మాటే అంది: లాగిన్ అక్కర్లేకుండా అందరికీ తెరిచి ఉంచిన పేజీని చదవడం ఈ చట్టం కింద చొరబాటు అయ్యేలా లేదని.

ఇక్కడితో అయిపోతే నేనీ వ్యాసం రాసేవాణ్ణే కాదు. అసలు చిక్కు మూడోదాంట్లో ఉంది. అదే కాంట్రాక్టు. వెబ్‌సైట్ అడుగున ఎవరూ చదవని సన్నక్షరాల నిబంధనలు ఉంటాయి చూడండి, అవి. అంత పోరాడి గెలిచిన హైక్యూయే అదే ఏడాది నవంబరులో ఆ నిబంధనల ఉల్లంఘన దగ్గర ఓడిపోయింది. డిసెంబరులో 5 లక్షల డాలర్ల తీర్పుకి ఒప్పుకుని తెర దించింది. 2024 జనవరిలో మెటా కంపెనీ బ్రైట్ డేటా మీద వేసిన కేసులో మాత్రం జడ్జి వేరేగా అన్నారు: ఖాతాలోకి లాగిన్ కాకుండా చదివినవాడికి మెటా నిబంధనలు వర్తించవని. యూరప్‌లోనూ ఇదే గందరగోళం. విమాన టిక్కెట్ల ధరలు పోల్చి చూపే ఒక డచ్ సైటు మీద రయనేర్ వేసిన కేసులో, 2015లో యూరోపియన్ కోర్టు, డేటాబేసుకి చట్టరక్షణ లేకపోయినా యజమాని కాంట్రాక్టుతో కట్టడి చేసుకోవచ్చు అంది.

అంటే ఏమైంది? ముందు తలుపులోంచి కోర్టు బయటికి గెంటిన ఆస్తిహక్కుని కంపెనీ సన్నక్షరాల దొడ్డిదారిన లోపలికి తెచ్చుకుంది. ఏ జడ్జి ఎటు మొగ్గుతాడో తెలియని ఈ మసక వెలుతురులో డబ్బున్నవాడు కోర్టుకెళ్ళగలడు. లేనివాడు ఉత్తరం చూసి మూసేసుకుంటాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నేను పదిహేనేళ్ళుగా రిటైల్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. పోటీ దుకాణాల ధరల్ని గంటగంటకీ ఏరుకొచ్చే ప్రోగ్రాములు నేనే రాశాను. ఈ రంగంలో అది రహస్యం కాదు, దినచర్య. అమెజాన్ ధరల్ని వాల్‌మార్ట్ ప్రోగ్రాములు రోజుకి లక్షల సార్లు చదివేవనీ, అమెజాన్ వాటిని అడ్డుకుందనీ 2017లో రాయిటర్స్ రాసింది. అంటే ఈ దుకాణాలకి ఒకరి ధరలు ఒకరికి తెలుసు. తెలియనిది బండి తోసుకుంటూ వరసల్లో తిరిగే మనకే. అమ్మేవాడికి వెలుగు, కొనేవాడికి చీకటి! దీన్ని మేధోసంపత్తి రక్షణ అనమంటే నేననను.

అవతలివాళ్ళ వాదనల్ని దాటవెయ్యను. "మా సర్వర్లు కుంగిపోతాయి" అంటారు. న్యాయమే. 2000లో వేలం ధరలు పోల్చే ఒక సైటు ఈబే మీదికి రోజుకి దాదాపు లక్ష సార్లు వెళ్తుంటే కోర్టు ఆపమంది. అందుకని రోజుకి ఇన్నిసార్లే అని హద్దు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. లాగిన్ వెనక ఉన్నదీ, మనుషుల సొంత సమాచారమూ ముట్టుకోకూడదనండి, దానికీ సరే.

రెండో వాదన ఇంకా గట్టిది. ధరలు బయటపెడితే వ్యాపారులే కూడబలుక్కుని పెంచేస్తారంటారు. డెన్మార్క్‌లో 1993లో పోటీ నియంత్రణ సంస్థ కాంక్రీటు కంపెనీల ధరలు ప్రచురించడం మొదలుపెడితే, ఏడాది లోపే ధరలు 15 నుంచి 20 శాతం పెరిగాయి. నిజమే. అయితే అక్కడ ఒకరి ధర ఒకరికి కొత్తగా తెలిసింది. సూపర్ మార్కెట్లకి ఎప్పుడో తెలుసు. ఇక్కడ కొత్తగా తెలిసేది కొనేవాడికి మాత్రమే.

ఋజువు కావాలా? ఇజ్రాయెల్ 2014లో చట్టం చేసింది. పెద్ద సూపర్ మార్కెట్ సంస్థలు ప్రతి దుకాణంలోని ధరల్నీ ఇంటర్నెట్‌లో పెట్టి తీరాలని. 2015 మే నుంచి అమల్లోకి వచ్చింది. పోల్చి చూపే సైట్లూ యాప్‌లూ పుట్టుకొచ్చాయి. ఇటాయ్ ఆటర్, ఓరెన్ రిగ్బీ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి, ధరలు 4 నుంచి 5 శాతం తగ్గాయన్నారు. అక్కడ స్క్రేపింగ్ చట్టబద్ధమా కాదా అన్న తగువే లేదు. ధర చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిది.

మనకిదేమీ కొత్త ఆలోచన కాదు. ఇండియాలో సబ్బు మీదా బిస్కెట్ పొట్లం మీదా ఎమ్మార్పీ ముద్రించి తీరాలి. 1999లో మొదలైన రైతుబజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెడతారు. ఆ బోర్డు చూసి రాసుకున్నవాణ్ణి ఎవరైనా దొంగ అన్నారా? అలాగని మన దేశం చట్టం ఆదర్శమనీ అనలేను. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా డేటా దించుకున్నా కాపీ చేసినా నష్టపరిహారం కట్టమంటుంది. తెరిచి పెట్టిన ధరకీ, దాచుకున్న బ్యాంకు ఖాతాకీ ఆ మాటల్లో తేడా కనిపించదు. రేపు హైదరాబాదులో ఇలాంటి యాప్ రాసేవాడికి అదే బెడద.

కాబట్టి అడగాల్సింది క్షమాభిక్ష కాదు, రెండు వాక్యాల చట్టం. ఒకటి: ప్రజలకి తెరిచి చూపించిన ధరని చదవడం, పోల్చడం, ప్రచురించడం హక్కు, ఏ సన్నక్షరాల నిబంధనా దాన్ని రద్దు చెయ్యలేదు. రెండు: పెద్ద దుకాణ సంస్థలు తమ ధరల్ని ప్రోగ్రాములు చదువుకోగల రూపంలో తామే ప్రచురించాలి.

ధరలు ఏరే ప్రోగ్రాములు రాస్తున్నదీ మనమే, వాటిని ఆపే గోడలు కడుతున్నదీ మనమే. ఈ వ్యవహారం మనకి తెలిసినంతగా వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్ళకి తెలియదు. ఓటున్నవాళ్ళు తమ కాంగ్రెస్ ప్రతినిధికి రాయండి. ఓటు లేనివాళ్ళు కనీసం "చట్టవిరుద్ధం కదండీ" అనడం మానండి. కంపెనీ లాయర్ల పనిని జీతం లేకుండా మనం చేసిపెట్టనక్కర్లేదు.