మంచం కింద చార్జింగ్ వద్దు, సరే. మరి ఎక్కడ?

టెక్ ఫెస్ట్ దగ్గరపడితే మన హాస్టల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రోబో రేస్ కార్లు, క్వాడ్‌కాప్టర్లు అల్మారాల్లోంచి బయటికొస్తాయి. వాటితోపాటు లైపో బ్యాటరీలు కూడా. గదుల్లో వీటికి చార్జింగ్ పెట్టకూడదని రూల్ ఉంది. అయినా రాత్రి పదకొండు దాటాక మంచాల కింద చార్జర్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. వార్డెన్ గారు వస్తున్నారంటే పైన ఒక టవల్ కప్పేస్తారు. ఈ రూల్ ప్రమాదాన్ని తగ్గించట్లేదు, మన కళ్లకు కనబడకుండా చేస్తోంది అంతే అని నా అభిప్రాయం.

రూల్ పెట్టినవాళ్ల భయం మాత్రం నిజమైనదే. మన ఫోన్లో ఉండే లిథియం అయాన్ కుటుంబమే ఈ లైపో కూడా. ఆ బ్యాటరీలను అభివృద్ధి చేసినందుకే 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కానీ ఫోన్లో చార్జింగ్‌ని సమయానికి ఆపే సర్క్యూట్ ఉంటుంది. ఆర్‌సీ కార్ల ప్యాకుల్లో సాధారణంగా అది ఉండదు. ఎంత కరెంటు ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది చార్జర్ మీద మనం పెట్టే సెట్టింగే. మామూలు లైపో సెల్ 4.2 వోల్టులు దాటితే లోపలి ఎలక్ట్రోలైట్ విడిపోయి గ్యాస్ పుడుతుంది. ప్యాక్ పూరీలా పొంగుతుంది. ఇంకా ముందుకెళితే తన వేడితో తనే మండుతుంది, ఒక సెల్ నుంచి పక్క సెల్‌కి అంటుకుంటుంది. ఆ పొగ కూడా విషమే. ఇదంతా పరుపు కింద జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అలాగని జాగ్రత్తలు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్ ప్యాక్ తీసుకుందాం. చార్జర్‌ని లైపో మోడ్‌లో, 3ఎస్ మీద పెట్టాలి. పొరపాటున నికెల్ బ్యాటరీ మోడ్‌లో పెడితే అది 4.2 దగ్గర ఆగదు. కరెంటు 2.2 ఆంపియర్లు చాలు. త్వరగా అవుతుందని పెంచకూడదు. తెల్ల కనెక్టర్ ఉన్న బ్యాలెన్స్ వైరు తప్పకుండా పెట్టాలి. ఏ సెల్ ఎంత నిండిందో చార్జర్‌కి తెలిసేది దానివల్లే. కారు నడిపి తెచ్చిన వెంటనే కాకుండా ప్యాక్ చల్లారాక పెట్టాలి. మన మే నెల ఎండల్లో దీనికి ఇంకొంచెం ఓపిక కావాలి. సెల్ 3 వోల్టుల కిందకి దిగేదాకా వాడకూడదు. వారం రోజులు పక్కన పెట్టేస్తుంటే ఫుల్‌గా నింపకుండా సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఉబ్బిన ప్యాక్‌కి మళ్లీ చార్జింగ్ పెట్టనే కూడదు.

ఇవన్నీ తెలిస్తే ఎవరైనా చేయగలరు. మిగిలింది ఒక్కటే: చార్జింగ్ అవుతున్నంతసేపూ ఒక మనిషి పక్కన మెలకువగా ఉండాలి. దొంగచాటుగా పెట్టేవాడికి కుదరనిది సరిగ్గా ఇదే.

విమానాలవాళ్లు ఏం చేశారో చూడండి. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. 100 వాట్-అవర్ల లోపు ఉంటే మనతోపాటు క్యాబిన్‌లోకి తీసుకెళ్లమంటారు. మన 3ఎస్ ప్యాక్ సుమారు 24 మాత్రమే. ఎందుకలా? క్యాబిన్‌లో పొగ వస్తే వెంటనే ఎవరో ఒకరు చూస్తారు, ఆర్పుతారు. కింద లగేజీ మధ్యలో అయితే చూసేవాళ్లుండరు. మన రూల్ సరిగ్గా దీనికి రివర్స్‌లో పనిచేస్తోంది. బ్యాటరీని మనుషుల ముందు నుంచి లగేజీ మధ్యలోకి తోస్తోంది.

"చోటిస్తే ఇంకా ఎక్కువమంది తెస్తారు" అనొచ్చు. ఇప్పుడు తేవట్లేదా? రోబో రేస్‌కి ప్రైజ్, సర్టిఫికెట్ ఇచ్చేది కాలేజీయే కదా. కారు కావాలి, బ్యాటరీ వద్దు అంటే ఎలా?

నేను అడిగేది పెద్ద ల్యాబ్ కాదు. వర్క్‌షాప్‌లో ఒక మూల చాలు. సిమెంట్ గచ్చు, తెరిచిన కిటికీ, చుట్టుపక్కల కాగితాలూ చెక్కా లేకుండా ఉండాలి. తలుపు దగ్గరే మెయిన్ స్విచ్, రెండు బకెట్ల ఇసుక. కాలేజీలో ఎప్పుడూ ఏదో ఒక బ్లాక్ కడుతూనే ఉంటారు కాబట్టి ఇసుకకి కొదవలేదు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు వంతులవారీగా ఒక సీనియర్ కూర్చోవాలి. ఎవరి ప్యాక్, ఏ సెట్టింగ్, ఎప్పుడు పెట్టారు అని రాయడానికి ఒక నోట్‌బుక్.

ఇంకొక విషయం, ఇది మన క్లబ్‌కి సంబంధించింది. చార్జర్ మాన్యువల్స్ ఇంగ్లిష్‌లోనో చైనీస్‌లోనో ఉంటాయి. రాత్రి పొగ వస్తే ముందు పరుగెత్తుకొచ్చేది వాచ్‌మన్ బాబాయ్, ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ అన్న. వాళ్లిద్దరూ రోజూ తెలుగు పేపర్ చదువుతారు. నా చదువంతా ఇంగ్లిష్ మీడియమే. థర్మల్ రనవేని తెలుగులో ఏమంటారని అడిగితే నేనూ తడుముకుంటాను. కానీ ఆ మాట ఇక్కడ అవసరమే లేదు. కావలసింది ఇంతే: "ముందు మెయిన్ ఆపండి. అందరినీ బయటికి పంపండి. పొగ పీల్చకండి. దగ్గరికి వెళ్లగలిగితేనే ఇసుక పోయండి. మెయిన్ ఆపకుండా నీళ్లు పోయకండి. ఉబ్బిన బ్యాటరీని చేత్తో పట్టుకోకండి."

ప్రతి ఏడాదీ ఫెస్ట్‌కి మన క్లబ్ కవితల పోటీ పెడుతుంది. ఈసారి దాంతోపాటు ఈ ఆరు వాక్యాల చార్ట్ కూడా పెద్ద అక్షరాలతో రాద్దాం. రోబోటిక్స్ క్లబ్‌వాళ్లు తప్పులుంటే దిద్దుతారు. ఆ చార్ట్ పట్టుకుని రెండు క్లబ్బులూ కలిసి వార్డెన్ గారి దగ్గరికి వెళ్లి ఆ మూల అడుగుదాం.