కంపించే మౌసు: హెచ్చరికే గాని వైద్యం కాదు

కంప్యూటరు మౌసు నేడు మనం నొక్కే పరికరం మాత్రమే కాదు, చేతికి తిరిగి కబురు చెప్పే పరికరం కూడా. తెరపై బాణం గుర్తు ఏదైనా బొమ్మను తాకగానే కంపించే 'ఐఫీల్' మౌసును లాజిటెక్ సంస్థ 2000లోనే తెచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన 'హోవర్‌స్టాప్' ఉద్దేశం వేరు. పని లేకున్నా చేయి మౌసుపైనే ఉండిపోతే, అది కంపించి, చేయి తీయమని గుర్తు చేస్తుంది.

ఈ రెండవ రకపు మౌసును కొన్నాళ్ళు వాడి చూశాను. తెరపై చదువుతున్నంతసేపూ చేయి దానిని వదలదని నాకు తెలియజెప్పింది. ఆ మేరకు మేలే. కాని వేళ్ళ తిమ్మిరికి మందుగా భావించి దీనిని కొనదలచినవారికి ఒక మాట చెప్పక తప్పదు.

మన వేళ్ళ చర్మం లోతున పసీనియన్ కణికలు ఉంటాయి. సెకనుకు సుమారు 250 సార్లు కలిగే కంపనాన్ని అవి ఎంతో సునిశితంగా గ్రహిస్తాయి. అందుకే చిన్న మోటారు అదురు కూడా మనకు తెలుస్తుంది. అయితే ఆ కబురును మెదడుకు చేరవేసేది నరమే. తిమ్మిరిలో ఇబ్బంది పడుతున్నదీ తరచుగా ఆ నరమే. మణికట్టులోని ఇరుకైన మార్గం గుండా మీడియన్ నరం, తొమ్మిది టెండాన్లు కలిసి సాగుతాయి. మణికట్టును పైకి వంచి ఉంచితే అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. మౌసు ఎంత కంపించినా ఆ ఒత్తిడి తగ్గదు. చేయి తీసి, మణికట్టును తిన్నగా ఉంచితేనే తగ్గుతుంది.

బొటన, చూపుడు, నడిమి వేళ్ళలో తిమ్మిరి పుట్టి రాత్రివేళ నిద్ర లేపుతున్నదా? చేయి విదిలిస్తే ఉపశమిస్తున్నదా? అయితే ఏ పరికరాన్నీ నమ్ముకొని కాలయాపన చేయకండి. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారు, గర్భిణులు మరింత జాగ్రత్త వహించాలి. తొలిదశలో రాత్రిపూట మణికట్టుకు కట్టే పట్టీతోనే చాలామందికి ఉపశమనం లభిస్తుంది. ఉపేక్షిస్తే బొటనవేలి మొదటి కండ క్షీణించి, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. అప్పుడు శస్త్రచికిత్స చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

కనుక మౌసును శరీరానికి దగ్గరగా ఉంచుకోండి. చదివేటప్పుడు చేతిని ఒడిలో పెట్టుకోండి. ఈ అలవాటుకు ఖర్చు లేదు. గుర్తు చేసే తోడు కావాలనుకుంటే కంపించే మౌసు కొనండి, తప్పులేదు. తిమ్మిరి ఉంటే మాత్రం ముందు వైద్యునికి చేయి చూపించండి.