పాతబస్తీలో కోచింగ్: పది శాతం తేడా నిజమేనా?

హైదరాబాద్: పాతబస్తీ పదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులు కోచింగ్ కేంద్రాల ఫ్లెక్సీలపై ఉత్తీర్ణత శాతం చూసే ఫీజు కడతారు. ఆ శాతం ఎందరిదన్నదే అసలు ప్రశ్న. ఉదాహరణకు శిక్షణ పొందిన 50 మందిలో 40 మంది, పొందని 50 మందిలో 35 మంది గట్టెక్కితే తేడా పది శాతం. ఘనంగానే కనిపిస్తుంది. కానీ గణాంక శాస్త్రంలోని నిష్పత్తుల పరీక్షలో దాని విలువ 1.15 మాత్రమే. సాధారణంగా 1.96 దాటితేనే తేడా కాకతాళీయం కాదంటారు. అవే శాతాలు 200 మంది చొప్పున వస్తే విలువ 2.31కు చేరి, తేడా నిలుస్తుంది.

అప్పటికీ ఆ ఘనత కోచింగ్‌దేనని చెప్పలేం. ఫీజు కట్టగల, పట్టుదల గల పిల్లలే అక్కడ చేరుతారు. గాజుల కార్ఖానాలో పనికోసం మధ్యలో మానేసిన బాలుడు ఫ్లెక్సీ లెక్కలోకి రాడు. పరీక్ష రాసినవారినే కాక, మొదట చేరినవారందరినీ లెక్కించి ప్రకటించవలసి ఉంది.